వచ్చేటప్పటి దూరం

ఆ చిన్న విమానాశ్రయంలో రోజు మొదలయ్యేది ఒక అక్కగారి ఫోనుతో. తుడిచిన నేల ఇంకా ఆరకముందే దూరాలమ్మ బల్ల మీద ఫోను మోగుతుంది. పక్క ఊరి నుంచి వాళ్ళక్క. దూరాలమ్మ ఫోనుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒక చేత్తో వాతావరణం కాగితాలు తిరగేస్తూ "ఊఁ, అలాగా, మరి డాక్టరేమన్నాడు?" అంటూ ఉంటుంది. ఎదురుగా ముసలి కెప్టెన్ కాఫీ కప్పు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఇంధనం బండి డ్రైవరు గుమ్మంలోంచి తల మాత్రం లోపల పెట్టి చూస్తుంటాడు. ఆ ఫోను పెట్టేసేదాకా వాళ్ళిద్దరికీ పని లేదు.

"ఏమంటోందమ్మా మీ అక్క?" అని అడుగుతాడు కెప్టెన్.

"మోకాళ్ళ నొప్పులట. పెద్దాడికి లెక్కల్లో సున్నా వచ్చిందట. వచ్చేటప్పుడు అరగంట వేసుకోండి చాలు."

ఇంకో రోజు ఫోను ఠపీమని పెట్టేస్తుంది. "ఏముంది, మళ్ళీ అతని సంగతెత్తింది. పాపం చిక్కిపోయాడే అంటోంది. గంటన్నర వేసుకోండి కెప్టెన్ గారూ. ఇంకాస్త ఎక్కువే పట్టించండి, నా ఒళ్ళు మండిపోతోంది."

కెప్టెన్ తలూపుతాడు. డ్రైవరు పైపు తీసుకుని విమానం దగ్గరికి నడుస్తాడు. వాళ్ళ లెక్క కుదిరిపోయినట్టే.

సంగతేమిటంటే, ఈ ఊరి నుంచి ఆ ఊరికి విమానంలో వెళ్తే ఎప్పుడైనా నలభై నిమిషాలే. మధ్యలో నాలుగు కొండలు, ఒక నది, అంతే. ఎండైనా వానైనా అందులో మార్పుండదు. ఆ ఊరి నుంచి ఈ ఊరికి వచ్చే దూరం మాత్రం దూరాలమ్మ మనసుని బట్టి ఉంటుంది. ఆమె సంతోషంగా ఉంటే కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు బెల్టు సరిచేసుకునేలోపే చక్రాలు నేలకి తగులుతాయి. మనసు బాగోకపోతే కొండలు నాలుగూ ఎనిమిదవుతాయి, నది ఎంతకీ దాటదు. రోజూ వచ్చిపోయే బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఉన్నాడు. తిరుగు టికెట్ తీసుకునేటప్పుడు "ఇవాళ అక్కాచెల్లెళ్ళు బాగానే ఉన్నారా?" అని కౌంటర్లో కనుక్కుంటాడు. జవాబుని బట్టి సన్న పుస్తకం కొనుక్కోవాలా, లావు పుస్తకం కొనుక్కోవాలా అని తేల్చుకుంటాడు.

ఆమెకి దూరాలమ్మ అని పేరు పెట్టింది ఇంధనం బండి డ్రైవరే. ఆ పేరు ఎంత స్థిరపడిపోయిందంటే, ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే పలకడానికి ఆమెకే కాసేపు పడుతుంది. ఆమె పని ప్రతి విమానానికీ లెక్క కట్టడం. ఎంత బరువు ఎక్కింది, గాలి ఎటు ఉంది, ఎంతసేపు ఎగరాలి, ఎంత ఇంధనం పట్టించాలి. ఆ పనిలో ఆమెకి వంక పెట్టినవాడు లేడు. వంక పెడితే ఊరుకునే మనిషీ కాదు.

అయితే ఒకప్పుడు ఊరుకునేది. పెళ్ళయిన నాలుగేళ్ళూ నోట్లో నాలుక లేనట్టే బతికింది. ఆ మొగుడికి పక్క ఊళ్ళో పెద్ద ఫర్నిచర్ కొట్టుంది. నలుగురిలో మంచివాడు. గొంతు పెంచి మాట్లాడిన మనిషి కాడు, చెయ్యెత్తిన మనిషి అంతకన్నా కాడు. ఆ సంగతి తనే అందరికీ చెప్పుకునేవాడు కూడా. ఆయనగారి జబ్బు వేరు. ఇంటి నుంచి పాల దుకాణానికి ఎంతసేపు, కూరల కొట్టుకి ఎంతసేపు, అక్కగారి ఇంటికి ఎంతసేపు, అన్నీ తనే నడిచి చూసి పెట్టుకున్నాడు. పెళ్ళాం అంతకన్నా ఆలస్యంగా వచ్చిందా, గుమ్మంలో కుర్చీ వేసుకుని నవ్వుతూ కూర్చునేవాడు. "మిగతా ఆరు నిమిషాలూ ఎక్కడ పెట్టావు?" అని మెత్తగా అడిగేవాడు. పాల దగ్గర జనం ఉన్నారని చెప్పాలి. ఎంతమంది అని అడుగుతాడు. చెప్పాలి. వాళ్ళలో మగవాళ్ళెంతమంది అంటాడు. అదీ చెప్పాలి. నమ్మకం కుదిరేదాకా గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. ఒకసారి జడివానలో అలాగే నిలబెట్టి మాట్లాడాడు. గొడుగు ఆయన చేతిలో మాత్రమే ఉంది.

అక్కతో చెప్పుకుంది. "పిచ్చిదానా, ప్రేమ ఉన్నవాడే అడుగుతాడే. మా ఆయన నేను రెండ్రోజులు కనపడకపోయినా కనుక్కోడు" అంది అక్క. అతను ఆమె దగ్గర ఒదినగారూ ఒదినగారూ అంటూ వెన్నలా ఉండేవాడు మరి. పండక్కీ పబ్బానికీ కుర్చీలు, బల్లలు పంపేవాడు. ఆమె ఇంట్లో సగం సామాను అతని కొట్టుదే.

ఒకరోజు పొద్దున్న పాలకని పంపితే దూరాలమ్మ పాల దుకాణం దగ్గర ఆగలేదు. ఆగి ఉన్న టాక్సీ ఎక్కి విమానాశ్రయానికి పోయింది. చేతిలో ఖాళీ పాలసీసాతోనే విమానమెక్కింది. ఆ విమానం గాల్లోకి లేచీ లేవగానే ఇక్కడ దిగింది. ముసలి కెప్టెన్ బయటికొచ్చి, ప్రయాణికులందర్నీ ఒకసారి చూసి, సరాసరి ఆమె దగ్గరికే వచ్చాడు.

"ఎక్కడ పనిచేస్తున్నారమ్మా?"

"ఎక్కడా లేదండీ."

"అయితే రేపట్నుంచి ఇక్కడ చెయ్యండి" అన్నాడు. ఆమె నేర్చుకుంది, పరీక్ష రాసి నెగ్గింది, ఊరి చివర ఒక గది అద్దెకి తీసుకుంది. ఆ గదికి ఎంతసేపట్లో చేరితే అంతసేపట్లో చేరేది. దారిలో చెప్పుల షాపు ముందు ఊరికే నిలబడి, కొనని చెప్పులన్నీ చూసి మరీ వెళ్ళేది. ఇలా రెండేళ్ళు గడిచాయి. మొగుడు వెతుక్కుంటూ రాలేదు. తనే కాళ్ళబేరానికి వస్తుందని కూర్చున్నాడు.

ఇంతలో కంపెనీ పెద్దాఫీసుకి కొత్త అధికారి వచ్చాడు. "టికెట్ మీద నలభై నిమిషాలని వేసి, ఒక్కోసారి గంటన్నరకి దింపుతారా? ఇంధనం ఎవడబ్బ సొమ్మనుకున్నారు? నెలాఖరుకి సరిచెయ్యండి. లేదంటే ఆ విమానమే తీసేస్తాను" అని ఫోన్లో కేకలేశాడు. ఇక్కడి మేనేజరు మంచివాడే, కాదనం. కానీ పెద్దాఫీసు నుంచి ఫోనొస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడే రకం. ఫోను పెట్టేసి కాలుగాలిన పిల్లిలా కాసేపు తిరిగి దూరాలమ్మ బల్ల దగ్గరికొచ్చాడు.

"చూడమ్మా, ఒక్కసారి మీ ఆయనతో కూర్చుని మాట్లాడేసుకుంటే..."

"నాకు ఆయన లేడండీ."

"అదే, ఉన్నాడు కదా అక్కడ. నాలుగు మంచి మాటలు చెప్పి రాజీ పడిపోతే నీ మనసు కుదుటపడుతుంది. దూరం దగ్గరవుతుంది. ఇక్కడ ఇంతమంది పొట్టలు దీని మీద ఉన్నాయి."

ఆ రోజు నుంచీ అందరూ మొదలెట్టారు. కౌంటర్లో పిల్ల, సామాను ఎక్కించేవాళ్ళు, ఊడ్చే ఆవిడ, చివరికి లావు పుస్తకాలాయన కూడా. ఒక్కసారి సరేనంటే పోయేదేముంది అనే మాటే అందరి నోటా. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, భయపడ్డారు. అద్దెలు కట్టాలి, పిల్లలున్నారు.

"పోయేదేముందా? నేను పోతాను" అంది దూరాలమ్మ. "విమానం తీసేస్తే తీసెయ్యమనండి. బస్సుస్టాండులో టికెట్లు కోస్తాను. మీ అందరికీ కష్టమే, నాకు తెలుసు. నాకూ బాధగానే ఉంది. అయినా నేను ఆ గుమ్మం ముందు మళ్ళీ నిలబడను."

కెప్టెన్ ఒక్కడే ఏమీ అనలేదు. కాఫీ తాగి, ఆ రోజు ఎంత అని మాత్రం అడిగాడు. ఆమె రెండు గంటలంది.

మేనేజరు ఊరుకోలేదు. దూరాలమ్మకి తెలియకుండా అక్కకి ఫోను చేశాడు. వాళ్ళిద్దరూ కలిసి ఒక ఉపాయం పన్నారు. అక్క వస్తున్నానని చెబితే చెల్లెలి మనసు కరుగుతుంది, దూరం తగ్గుతుంది. ఆ విమానంలోనే మొగుణ్ణి కూడా తీసుకొచ్చేస్తే, ఎదురుగా నిలబడ్డ మనిషిని కాదనలేదు. మేనేజరు గదిలో నాలుగు కుర్చీలు వేసి విషయం తేల్చెయ్యచ్చు. ఆ ఉపాయం ఇద్దరికీ ఎంతో తెలివైనదిగా తోచింది. ఆ మొగుడు కొత్త చొక్కా కుట్టించుకున్నాడు.

ఆ రోజు పొద్దున్న ఫోన్లో అక్క "నేనొస్తున్నానే" అంది.

"ఎక్కడికి?"

"నీ దగ్గరికి. నిన్ను చూసి ఎన్నాళ్ళయిందో తెలుసా?"

దూరాలమ్మ చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేసింది. ఎంత పోట్లాడుకున్నా, తల్లి పోయాక తలదువ్వి పెంచిన అక్క. "నిజంగానా?" అని రెండుసార్లు అడిగింది. ఫోను పెట్టేసి, "పావుగంట వేసుకోండి కెప్టెన్ గారూ, అంత కూడా పట్టదు" అంది నవ్వుతూ. కెప్టెన్ సంతోషించాడు. అలవాటు చొప్పున ఇంధనం మాత్రం ఎక్కువే పట్టించుకుని వెళ్ళాడు.

దూరాలమ్మ ఆ పూట బల్ల సర్దింది, తనకి ఉన్న ఒకే మంచి కప్పు కడిగి తుడిచి పెట్టింది. విమానం అక్కడికి చేరిందన్నారు. అక్కడ మళ్ళీ లేచిందన్నారు. ఆమె కిటికీ దగ్గరికి పోయి నిలబడింది. పావుగంట అయింది. అరగంట అయింది. ఆకాశంలో పిట్ట తప్ప ఏమీ లేదు. అంత సంతోషం మనసు నిండా ఉంటే ఈ ఆలస్యమేమిటో ఆమెకి అంతుపట్టలేదు. నలభై నిమిషాలు దాటింది. గంట కూడా దాటింది.

బల్ల మీది రేడియో గరగరలాడింది. "దూరాలమ్మా, ఇక్కడేదో తేడాగా ఉంది" అన్నాడు కెప్టెన్. "గంట దాటింది ఎగురుతూ. వెనక్కి చూస్తే ఆ ఊరి నీళ్ళ ట్యాంకు ఇంకా కనిపిస్తోంది."

ఆమె కిటికీ వదిలి రేడియో దగ్గరికి వచ్చింది. మనసుకి తెలియంది దూరానికి తెలిసినట్టుంది.

"మా అక్క ఎక్కిందా?"

"ఎక్కింది. మూడో వరసలో కూర్చుంది. పక్కన ఒకాయన, కొత్త చొక్కా. ఒళ్ళో మిఠాయి పెట్టె."

దూరాలమ్మ తల తిప్పి చూసింది. మేనేజరు గుమ్మంలోనే ఉన్నాడు. "అదేనమ్మా, నీ మంచికే అని..." అంటూ నీళ్ళు నమిలాడు. తర్వాత కాస్త ధైర్యం తెచ్చుకుని లోపలికొచ్చాడు. "అయిందేదో అయింది. ఇప్పుడు విమానంలో ముప్పై మంది ఉన్నారు. ఒక్కసారి మనసులో సరే అనుకో. దిగనివ్వు. తర్వాత నీ ఇష్టం."

"దిగాక నా ఇష్టం ఎక్కడుంటుందండీ? నాలుగు కుర్చీలు వేసి పెట్టారుగా మీ గదిలో, ఇప్పుడు అర్థమైంది ఎందుకో." రేడియో మీట గట్టిగా నొక్కింది. "కెప్టెన్ గారూ, వెనక్కి తిరిగితే ఎంతసేపట్లో దిగుతారు?"

"వెనక్కా? ట్యాంకు పక్కనేగా రన్‌వే. పది నిమిషాలు."

"ఇంధనం?"

"దండిగా ఉంది."

"అయితే తిరిగిపోండి."

"తిరిగిపోతే ఈ విమానం ఇంక ఉండదు, నీ ఉద్యోగమూ ఉండదు" అన్నాడు మేనేజరు.

"ఉండకపోతే పోనివ్వండి."

రేడియోలో ఏదో గలాటా వినిపించింది. అది చిన్న విమానం, కెప్టెన్‌కీ ప్రయాణికులకీ మధ్య ఒక తెర, అంతే. అక్క తెర తీసుకుని ముందుకొచ్చేసినట్టుంది. "ఏమే, ఎందుకే ఇంత మొండితనం?" అంది ఆయాసపడుతూ. "ఆయన ఎంత ప్రేమగా వచ్చాడో తెలుసా?"

"నువ్వొక్కదానివే వస్తానన్నావక్కా."

"నీ మంచికే కదే."

"నా మంచి సంగతి ఇవాళ అందరికీ తెలిసిపోయినట్టుంది, నాకు తప్ప. నిన్ను చూడాలని ఉంది అక్కా. పొద్దుట్నుంచీ కిటికీ దగ్గరే నిలబడ్డాను. కానీ అతన్ని రానివ్వను. నువ్వు ఏడ్చినా రానివ్వను."

తర్వాత ఒక మెత్తని గొంతు, నవ్వు కలిసిన గొంతు వినిపించింది. దూరాలమ్మ వెంటనే గుర్తుపట్టింది. రెండేళ్ళ తర్వాత విన్నా ఆ గొంతులో పిసరంత మార్పు లేదు.

"నలభై నిమిషాల దారి ఇది" అన్నాడు అతను. "గంటా పది నిమిషాలయింది. మిగతా అరగంటా ఎక్కడ పెట్టావు?"

ఆమె నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది. గాలి ఎదురుగా ఉందని, మబ్బు పట్టిందని, ఏదో ఒకటి చెప్పెయ్యడానికి నాలుక తిరగబోయింది. గుమ్మంలో మేనేజరు, అతని వెనక కౌంటర్ పిల్ల, ఇంధనం బండి డ్రైవరు, అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె నోరు మూసుకుంది. ఒక్క ఊపిరి తీసుకుని మళ్ళీ మీట నొక్కింది.

"నా దగ్గరే ఉంది" అంది. "నీకివ్వను."

"ఏమిటీ?"

"మిగతా అరగంట. అది నాది. గంట కావాలన్నా పెడతాను, రోజంతా కావాలన్నా పెడతాను. నీకు లెక్క చెప్పను."

అతను మళ్ళీ నవ్వాడు. "సరే, అలాగే. దిగాక చెబుదువుగాని. గుమ్మంలో నిలబడి చెబుదువుగాని" అన్నాడు, అంతే మెత్తగా.

అక్క అతని పక్కనే నిలబడి ఉంది. ఒదినగారూ అని కుర్చీలు పంపిన మనిషి ఈ గొంతుతో మాట్లాడగా ఆమె ఎన్నడూ వినలేదు. చెల్లెలు చెప్పినప్పుడల్లా నవ్వేసింది. ఇప్పుడు నవ్వు రాలేదు. ఆమె చెయ్యి చాపి కెప్టెన్ భుజం పట్టుకుందట.

"తిప్పండి బాబూ. వెనక్కి తిప్పండి" అంది. ఆ మాట రేడియోలో అందరికీ వినపడింది.

తర్వాత జరిగింది విమానంలో పనిచేసే అమ్మాయి చెప్పగా తెలిసింది. పది నిమిషాల్లో అక్కడే దిగారు. తలుపు తెరిచి మెట్లు వేశారు. అక్క లేచి నడిచే దారిలో అడ్డంగా నిలబడి, "దిగు నాయనా" అందట. అతను టికెట్ తీసి చూపించాడు. డబ్బిచ్చి కొన్నానన్నాడు. కెప్టెన్ తెర పక్కకి జరిపి, "బరువెక్కువయిందండీ, ఒకరు దిగితేగానీ లేవదు" అన్నాడు. ముప్పై మందీ అతని వైపు తిరిగి చూశారు. లావు పుస్తకాలాయన అయితే లేచి మిఠాయి పెట్టె చేతికందించి మరీ దారి చూపించాడు. అతను నవ్వుతూనే దిగాడు.

ఇక్కడ మేనేజరు పెద్దాఫీసుకి ఫోను చేసి, నిలబడి, "వెనక్కి వెళ్ళిపోయిందండీ, అవునండీ, నా తప్పేనండీ" అంటున్నాడు. విమానం అక్కడ మళ్ళీ లేచిందన్న కబురు దూరాలమ్మ చెవిన పడింది. ఆమె కుర్చీ వెనక్కి జరిపి లేచేసరికి విమానం వచ్చి కిటికీ ముందు ఆగి ఉంది. చక్రాలు లోపలికి మడుచుకునే తీరిక కూడా దొరకలేదట. మేనేజరు "ఒక్క నిమిషమండీ, వచ్చేసిందండీ" అన్నాడు ఫోన్లో.

అక్క మెట్ల మీద ఒక్కో మోకాలూ పట్టుకుంటూ దిగింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఎవరూ ముందుకి కదల్లేదు.

"నాతో ఎప్పుడూ అలా మాట్లాడలేదే అతను" అంది అక్క.

"నేను చెప్పాను కదా."

"చెప్పావు. నేనే వినలేదు." అక్క కళ్ళు తుడుచుకుంది. "వినాల్సింది. తప్పు నాదే."

"నాకింకా కోపం పోలేదక్కా. తొందరగా పోదు కూడా."

"పోనక్కర్లేదు. ఉంచుకో. ముందు ఒక కుర్చీ వెయ్యి, కాళ్ళు లాగేస్తున్నాయి."

దూరాలమ్మ వెళ్ళి మేనేజరు గదిలోంచి ఒక కుర్చీ తెచ్చి వేసింది. వస్తూ వస్తూ అతని చేతిలోంచి ఫోను తీసుకుంది. "నమస్కారమండీ, లెక్కలు కట్టేది నేనే" అంది పెద్దాఫీసు అధికారితో. "ఒక మనిషి పేరు చెబుతాను. అతనికి టికెట్ అమ్మకపోతే మీ విమానం నలభై నిమిషాలు దాటదు, పూచీ నాది. అమ్మితే మాత్రం ఎన్నటికీ దిగదు. నన్ను తీసేసి ఇంకొకర్ని పెట్టుకున్నా దిగదు. ఏది కావాలో మీరే చూసుకోండి." అవతల అధికారి ఆ పేరు రాసుకోవడానికి కలం వెతుక్కున్నాడు.

మొగుడు ఊరుకున్నాడా అంటే, ఊరుకునే మనిషైతే ఇంత కథెందుకు. టికెట్ ఇవ్వకపోయేసరికి పరువు పోయిందనుకున్నాడు. వారం తిరక్కుండానే సొంత కారు తీసుకుని ఒక్కడే రోడ్డు మీద బయల్దేరాడు. కారులోనైతే మూడు గంటల దారి. అతను పొద్దున్న బయల్దేరాడు. సాయంత్రానికి ఒక పెట్రోలు బంకులో ఆగి అడిగితే, ఇదిగో ముందే, దగ్గర్లోనే అన్నారు. మర్నాడు ఇంకో బంకులోనూ అదే మాట చెప్పారు. లారీలు అతన్ని దాటుకుని వచ్చి ఈ ఊళ్ళో సరుకు దింపి, తిరిగి వెళ్తూ మళ్ళీ అతన్ని చూస్తున్నాయి. ఆ కొత్త చొక్కా మాసిపోయిందని ఒక లారీ డ్రైవరు చెప్పాడు.

ఇలా ఉండగా ఒక పొద్దున్న బల్ల మీద ఫోను మోగింది. అక్క అనుకుని తీసింది దూరాలమ్మ. ఎదురుగా కెప్టెన్ కాఫీ కప్పుతో నిలబడి ఉన్నాడు. డ్రైవరు గుమ్మంలో తల పెట్టి చూస్తున్నాడు.

"ఇంకా ఎంతసేపు?" అంది అవతలి గొంతు. అందులో నవ్వు లేదు. వెనకాల లారీల చప్పుడు వినిపిస్తోంది. "ఇంకా ఎంత దూరముందో అదైనా చెప్పు."

దూరాలమ్మ వాతావరణం కాగితం పక్కన పెట్టింది. ఎవరు అడిగినా చెప్పే పద్ధతిలోనే చెప్పింది.

"ముందుకైతే ఇంత దూరమని లెక్క లేదు, అంతా దారే. వెనక్కి తిరిగితే పది నిమిషాల్లో మీ ఇంటి ముందుంటారు."

ఫోను పెట్టేసి కెప్టెన్ వైపు తిరిగింది.

"ఇవాళ పావుగంట వేసుకోండి" అంది.